అప్పు ఊరిది, అడిగేది ఎవరిని?

మా ఇంట్లో గోడ క్యాలెండర్ మీద పండగల కంటే నల్లా రోజులకే ఎక్కువ సున్నాలుంటాయి. నీళ్లు వచ్చిన తేదీ చుట్టూ అమ్మ పెన్సిల్‌తో గీస్తుంది. రెండు సున్నాల మధ్య ఎన్ని గళ్లున్నాయో లెక్కపెడితే షోలాపూర్ సంగతి అర్థమైపోతుంది. ఒకసారి మూడు, ఒకసారి నాలుగు, ఎండాకాలంలో ఐదు. నీళ్లొచ్చే రోజు ఊరి తూర్పున ఉండే మా పూర్వ భాగ్‌లో పెళ్లిళ్లు తప్ప మిగతా పనులన్నీ వాయిదా పడతాయి.

2015లో ఈ గల్లీలోకి ఫారాలు వచ్చాయి. కేంద్రం నగరాలకు పెట్టిన స్మార్ట్ సిటీ పోటీకి ఊరు సిద్ధమవుతున్న రోజులు. మీ ఊరికి ముందుగా ఏం కావాలో టిక్కు పెట్టండని మరాఠీలో అడిగారు. ఎదురింటి పెద్దమ్మ చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమెకు మరాఠీ మాట్లాడటం బాగా వచ్చు, చదవడం రాదు. నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్పాను.

"రోడ్లు, లైట్లు, పార్కులు, నీళ్లు. ఏది ముందు కావాలంటున్నరు పెద్దమ్మా?"

"నీళ్లు ఏ దినం వస్తయో ముందుగాల చెప్పమను బిడ్డా. మిగిలినయి తర్వాత సూద్దాం."

ఫారంలో ఆ జవాబుకు గడి లేదు. 'నీళ్లు' అన్న చోట టిక్కు పెట్టి ఇచ్చేశాను.

ఇప్పుడు ఆ ఫారం మళ్లీ గుర్తుకు రావడానికి కారణముంది. గ్రాంట్ల కోసం ఢిల్లీ వైపు, ముంబయి వైపు చూడటం మానేసి, మార్కెట్లో బాండ్లు, అంటే వడ్డీతో తిరిగి తీరుస్తామని రాసిచ్చే అప్పు పత్రాలు, అమ్మి డబ్బు తెచ్చుకోండని కొన్నేళ్లుగా కేంద్రం నగరాలకు చెబుతోంది. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో లక్ష కోట్ల రూపాయల అర్బన్ చాలెంజ్ ఫండ్ ప్రకటించినప్పుడు పెట్టిన షరతే చూడండి. ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం వరకు కేంద్రం ఇస్తుంది, కనీసం సగం మాత్రం బాండ్లు, బ్యాంకు అప్పులు, ప్రైవేటు భాగస్వామ్యం నుంచి రావాలి. షోలాపూర్ వంతు ఎప్పుడొస్తుందో గానీ, దారి అటే వేశారు. పదేళ్లు, ఇరవై ఏళ్లు తీర్చాల్సిన అప్పుతో ఏం కట్టాలో ఎవరు నిర్ణయించాలి? తీర్చేవాళ్లను అడగాలా, అక్కర్లేదా?

అడగడం మన దగ్గర కొత్తేమీ కాదు. షోలాపూర్ మున్సిపాలిటీ 1850 నాటి చట్టం కింద ఏర్పడ్డ తొలి తరానికి చెందింది. ఆ చట్టం ఎవరి మీదా బలవంతంగా రుద్దేది కాదు. ఊరివాళ్లే మాకు మున్సిపాలిటీ కావాలని అర్జీ పెట్టుకోవాలి. పన్ను కట్టడానికి మేం ఒప్పుకుంటున్నాం అన్నట్టే అది. ఆ 'ఊరివాళ్లు' అంటే పేటలోని షావుకార్లే తప్ప మగ్గం గుంటలో కూర్చున్నవాళ్లు కారు, అది వేరే మాట. అయినా అడగాలన్న ఆలోచన చట్టంలోనే ఉండేది. తర్వాత 1877లో పాత మిల్లు వచ్చింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి మా పద్మశాలీలు కుటుంబాలతో సహా ఈ ఊరికి తరలి వచ్చారు. ఊరు పెరిగింది, అడగడం పెరగలేదు.

చాలా కాలం అడగాల్సిన అవసరం కూడా పెద్దగా పడలేదు. కారణం జకాత్. ఊళ్లోకి వచ్చే నూలు బేలు మీదా, బెల్లం బుట్ట మీదా ఊరి మొదట్లోని నాకా దగ్గరే వసూలు చేసుకునే ఈ పన్నుతో కార్పొరేషన్ తన కాళ్ల మీద తాను నిలబడింది. బండివాడు కడతాడు, ఇంట్లో ఉన్నవాడికి కట్టినట్టే తెలియదు. ఆ జకాత్ పోయి ఎల్‌బీటీ అనే స్థానిక సంస్థ పన్ను వచ్చింది. 2015 ఆగస్టులో అదీ చాలామటుకు పోయింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక కార్పొరేషన్లు నెలనెలా రాష్ట్రం ఇచ్చే పరిహారం కోసం ఎదురుచూడటం మొదలైంది. సొంతమని చెప్పుకోవడానికి ముఖ్యంగా మిగిలినవి ఘర్‌పట్టీ, పాణీపట్టీ. అప్పిచ్చేవాడు మొదట తిరగేసేది ఈ రెండు పద్దులనే. ఊరివాళ్లు ఇంటి పన్ను ఎంత కడతారు, నీటి బిల్లు ఎంత ఎగ్గొడతారు, అదే ఊరి పరపతి.

బాండ్ల కథ ఇంకాస్త ముందు మొదలైంది. 1997లో బెంగళూరు 125 కోట్లకు బాండ్లు తెచ్చింది, వెనక రాష్ట్ర ప్రభుత్వం హామీ నిలబడింది. 1998 జనవరిలో అహ్మదాబాద్ అలాంటి హామీ ఏదీ లేకుండానే 100 కోట్లు తెచ్చి దేశాన్ని ఆశ్చర్యపరిచింది. తాకట్టు పెట్టిందేమిటో తెలుసా? పది నాకాల మీద వచ్చే ఆక్ట్రాయ్, అంటే మన జకాతే. ఆ డబ్బులో కొంత రాస్కా నీటి ప్రాజెక్టుకు వెళ్లింది. కరువు కాలంలో నెలల వ్యవధిలోనే పైపులు పరిచి ఊరికి నీళ్లు తెచ్చారు. మహారాష్ట్రలో నాసిక్ 1999లో, నాగపూర్ 2001లో ఆ దారి పట్టాయి. తర్వాత చాలా ఏళ్లు ఈ మార్కెట్ నిద్రపోయింది. నగరాల కోసం కేంద్రం పెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద గ్రాంటు చేతికి అందుతుంటే వడ్డీకి తెచ్చుకునేవాడెవడు?

2015 జూలైలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మున్సిపల్ బాండ్లకు నిబంధనలు రాసింది. మా ఊరికి ఫారాలు వచ్చిన ఏడాదే అది. 2017 జూన్‌లో పుణె 24 గంటల నీటి సరఫరా కోసం 7.59 శాతం వడ్డీకి 200 కోట్లు తెచ్చింది. డబ్బు చేతికొచ్చాక టెండర్లు రద్దయి మళ్లీ పిలవాల్సి వచ్చింది. పైపు పడకపోయినా వడ్డీ మీటరు తిరుగుతూనే ఉంది. 2018 ఫిబ్రవరిలో హైదరాబాద్ 8.90 శాతానికి 200 కోట్లు తీసుకుంది, రోడ్లకూ ఫ్లైఓవర్లకూ. మావాళ్లు చుట్టాల పెళ్లికి వెళ్లి వచ్చి ఆ ఫ్లైఓవర్లను మెచ్చుకుంటారు, అప్పు ఊసు ఎవరూ ఎత్తరు. 2023 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ 244 కోట్ల గ్రీన్ బాండ్లను మామూలు జనానికి కూడా అమ్మింది. నర్మద నీళ్లు తోడే కరెంటు బిల్లు భరించలేక జలూద్ దగ్గర 60 మెగావాట్ల సోలార్ ప్లాంటు పెట్టడానికట. 10,000 రూపాయలున్నవాళ్లెవరైనా కొనుక్కోవచ్చు.

నాకు కొరుకుడుపడనిది ఇక్కడే ఉంది. బాండు కొనేవాడి కోసం సెబీ ఎంత పకడ్బందీ ఏర్పాటు చేసిందో చూడండి. నగరం ఆస్తులెన్ని, అప్పులెన్ని, కేసులెన్ని, గత ఏళ్ల లెక్కలేమిటి, ఏ ప్రాజెక్టుకు ఎంత, అన్నీ ఆఫర్ డాక్యుమెంట్‌లో అచ్చు వేయాలి. రేటింగ్ సంస్థ వచ్చి లెక్కలు తిరగేయాలి. పన్నుల వసూళ్లు ముందు ఎస్క్రో ఖాతాలోకి వెళ్లాలి, అప్పు వాయిదాకు తీయాల్సింది తీశాకే మిగిలింది కార్పొరేషన్‌కు వస్తుంది. ఇదంతా అవసరమే. మరి ఆ పన్ను కట్టేవాడికి? అతనికి వందల పేజీలు అక్కర్లేదు, ఒక్క పేజీ ఇవ్వాలని కూడా ఏ నిబంధనా చెప్పదు. 1949 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం ప్రకారం కార్పొరేటర్ల సర్వసాధారణ సభలో తీర్మానం, రాష్ట్ర ప్రభుత్వ అనుమతి, ఈ రెండూ ఉంటే అప్పు తేవచ్చు.

ఆ చట్టం పక్కనే ఇంకో చట్టం పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 1966 నాటి నగర రచనా చట్టం కింద డెవలప్‌మెంట్ ప్లాన్ ముసాయిదా ప్రకటిస్తే జనం నుంచి 'హరకతీ వ సూచనా' పిలవాలి. అంటే అభ్యంతరాలూ సూచనలూ. పెట్టినవాళ్లను పిలిచి వినాలి కూడా. మా బాపు మరాఠీ పేపర్‌లో మొదట చూసేది ఆ చిన్న అక్షరాల నోటీసులనే. ఒకసారి మా గల్లీ మీదుగా రోడ్డు గీత పడిందని తెలిసి అర్జీ రాసి తీసుకెళ్లాడు. సునావణికి, అంటే విచారణకు పిలిచారు. బల్ల మీద నక్షా పరిచి, వేలు పెట్టి చూపించమన్నారు. బాపు సగం మరాఠీలో, ఆవేశం వచ్చినప్పుడు తెలుగులో చెప్పాడు. రాసుకున్నారు. గీత జరిగిందా లేదా అన్నది పక్కన పెట్టండి. గోడ మీద రెండడుగుల గీత పడితే వినాల్సిన బాధ్యత ఉంది. ఊరి మొత్తం పేరున వందల కోట్లు రాస్తే ఆ బాధ్యత లేదు.

రాజ్యాంగం 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చినప్పుడు ఈ ఖాళీ నిండుతుందనుకున్నారు. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న చోట వార్డు కమిటీలు ఉండాలంది. మహారాష్ట్రలో అవి ప్రభాగ్ (వార్డు) సమితులయ్యాయి, కానీ వాటిలో కూర్చునేది నగర్‌సేవకులే, అంటే కార్పొరేటర్లే, స్వచ్ఛంద సంస్థలవాళ్లు ముగ్గురికి మించరు. 2009లో రాష్ట్రం ఇంకో అడుగు వేసి, పోలింగ్ బూతు స్థాయిలో ఓటర్లంతా కూర్చునే ఏరియా సభలకు చట్టంలో చోటిచ్చింది. చాలా ఊళ్లలో అవి కాగితం దాటలేదు. పుణె మాత్రం 2006లోనే, జనం తమ వార్డు పనులను బడ్జెట్‌లో పెట్టమని రాసిచ్చే పద్ధతి మొదలుపెట్టింది. ఫుట్‌పాత్‌లు, లైట్లు, బెంచీలు, అంతవరకే. పెద్ద అప్పులు ఆ ఫారంలోకి రావు.

షోలాపూర్‌లో 2017 ఎన్నికలకు 26 ప్రభాగ్‌లు, 102 మంది నగర్‌సేవకులు. ఒక్కో ప్రభాగ్‌కు దాదాపుగా నలుగురు. నల్లా రాకపోతే నలుగురిలో ఎవర్ని పట్టుకోవాలో తేలేసరికి నీళ్లు వచ్చేస్తాయి. 2022లో వాళ్ల గడువూ తీరింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రశాసకుడి, అంటే ప్రభుత్వం నియమించిన అధికారి పాలన సాగింది. తీర్మానం ప్రతిపాదించేదీ ఆయనే, ఆమోదించేదీ ఆయనే.

ఇక ఆ ఫారాల సంగతి. స్మార్ట్ సిటీ పోటీలో జనాభిప్రాయం సేకరించినందుకు మార్కులుండేవి. 2016 జనవరిలో తొలి 20 నగరాల జాబితా వచ్చినప్పుడు షోలాపూర్‌ది 9వ స్థానం. గల్లీలో మిఠాయి పంచారు. ఐదేళ్లలో కేంద్రం నుంచి 500 కోట్లు, రాష్ట్రం, కార్పొరేషన్ కలిసి అంతే. తొలి స్మార్ట్ రోడ్డు రంగభవన్ దగ్గర వచ్చింది, బాగానే ఉంది. నీళ్లు మాత్రం ఉజనీ డ్యామ్ నుంచి రావాలి. భీమా నదిలోకి వదిలి అవుజ్, చించ్‌పూర్ బంధారాల (చిన్న ఆనకట్టల) దగ్గర పట్టుకుని తోడుతుంటే దారిలో ఎండకూ ఇసుకకూ పోయేదే ఎక్కువ. అందుకే ఉజనీ నుంచి సుమారు 110 కిలోమీటర్ల రెండో పైప్‌లైన్. అది ఏళ్ల మీద ఏళ్లు సాగింది. పైగా పైపు ఊరి పొలిమేర దాకా వచ్చినంత మాత్రాన సరిపోదు. ట్యాంకులు, గల్లీల్లో పాత లైన్లు, వాల్వులు తిప్పే మనుషులు, అవన్నీ సరిగ్గా ఉంటేనే పెద్దమ్మ డ్రమ్ములో నీళ్లు పడేది. ఆమె ఆ రోజు అడిగింది ఈ చివరి ముక్క గురించే. దానికి కావాల్సింది పెద్ద ప్రాజెక్టు కూడా కాదేమో.

మా పిన్ని కొడుకు డాలస్‌లో ఉంటాడు. వాడు అక్కడి బాండ్ల పద్ధతి చెబితే నేను మొదట నమ్మలేదు. ముందు పౌరులతో కమిటీలు వేసి ప్రాజెక్టుల జాబితాను పేటపేటకూ తిప్పుతారు, ఆ తర్వాత బ్యాలెట్ మీద పెడతారు. 2024 మే 4న డాలస్ ఓటర్లు 125 కోట్ల డాలర్ల అప్పు మీద ఓటేశారు. వీధులకొకటి, పార్కులకొకటి, లైబ్రరీలకొకటి, ఇలా పది ప్రశ్నలు. పదింటికీ అవునన్నారు. అమెరికన్లకు ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 19వ శతాబ్దంలో రైలు మా ఊరి మీదుగా పోవాలని ఊళ్లు పోటీలు పడి బాండ్లు రాసిచ్చాయి. 1873 సంక్షోభంలో చాలా ఊళ్లు తీర్చలేక చేతులెత్తేశాయి. ఆ దెబ్బకు రాష్ట్రాలు అప్పుకు పరిమితులు పెట్టాయి, చాలాచోట్ల ఓటర్ల సమ్మతి తప్పనిసరి చేశాయి. అక్కడా లోపాలున్నాయి. ఓటుకు వచ్చేవాళ్లు తక్కువ, సమావేశాల్లో మాట్లాడేది తీరిక ఉన్నవాళ్లే. మావాడు మీటింగ్‌కు వెళ్లి మాట్లాడొచ్చు, హెచ్-1బీ వీసా మీద ఉన్నాడు కాబట్టి ఓటు లేదు. "పన్ను నేనూ కడుతున్న గదా" అంటాడు. షోలాపూర్‌లో ఓటున్న మా పెద్దమ్మదీ అదే మాట, కాకపోతే ఆమె దాన్ని ఘర్‌పట్టీ రసీదు చేతిలో పట్టుకుని అంటుంది.

ఆ ఆఫర్ డాక్యుమెంట్ మా ఊరి పేరున ఎప్పుడైనా అచ్చయితే, ప్రాజెక్టు వివరాల పేజీలో నేను వెతికే అంకె ఒకటుంది. కోట్లు, నెలలు, శాతాలు ఎలాగూ ఉంటాయి. నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుందన్న అంకె ఉంటుందా?

ఇవాళ 23వ తేదీ. క్యాలెండర్‌లో ఈ నెల సున్నాలు ఐదు.