నీరు తీశాక బడిలో ఏం మిగులుతుంది?

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దిగువన తుపాను తీరం దాటింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు నుంచి వేటకు వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. శవం దొరకని ఇంట్లో పిల్లలకు నాన్న పోయాడని చెప్పేవాళ్లుండరు, వస్తాడని చెప్పేవాళ్లూ ఉండరు. నష్టపరిహారం పట్టికల్లో ఇళ్లకు, పడవలకు, వలలకు, కొబ్బరిచెట్లకు చోటుంటుంది. ఈ పిల్లల భయానికి అక్కడ గడి లేదు.

కోనసీమలో విపత్తు వచ్చిందంటే జనం చేరేది బడికే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. లంకలు మునిగినప్పుడల్లా తరగతి గదులే పునరావాస కేంద్రాలు. నీరు తీయగానే గదులు కడిగి, గంట కొట్టి పాఠం మొదలుపెడతారు. మొన్న అమ్మ ఏడుస్తూ పడుకున్న గదిలోనే పిల్లవాడు ఇవాళ ఎక్కాలు అప్పజెప్పాలి. ఇన్నేళ్లూ బడిని మనం గోడలుగా, పైకప్పుగానే చూశాం. అదే నాకు బాధ.

నిజానికి ఇలాంటి భయం మనసులో మిగిలిపోతుందన్న విషయం వైద్యులకూ ఆలస్యంగానే తెలిసింది. ఘోరం చూసినవాళ్లను వెంటాడే మానసిక వ్యాధిని అమెరికా మనోవైద్యులు తమ జాబితాలో చేర్చింది 1980లో. అప్పుడు కూడా ఎక్కువగా వాళ్ల కళ్ల ముందున్నది యుద్ధం నుంచి వచ్చిన సైనికులే. చిన్ననాటి చేదు అనుభవాలు పెద్దయ్యాక గుండెజబ్బుల దాకా వెంటాడతాయని 1998లో అక్కడి అధ్యయనమే చూపింది. మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2020లో కేంద్రం తెచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ బడిలో ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇవ్వాలంది. 2022 నుంచి 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా మానసిక సలహా దొరుకుతోంది.

వరదలు లేని ఏడాదీ ఇలాంటి పిల్లలుంటారు. అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళితే అమ్మమ్మ దగ్గర పెరిగేవాళ్లు, తాగొచ్చిన నాన్నను రాత్రంతా చూసి పొద్దున్నే బడికొచ్చేవాళ్లు.

గాలి హోరెత్తగానే చెవులు మూసుకునే పిల్లను "నాటకాలా?" అని గద్దించకుండా, టీచర్ పక్కన కూర్చోనివ్వాలి. జరిగింది చెప్పమని పదిమందిలో నిలబెట్టకూడదు. ప్రార్థన, భోజనం, ఆట రోజూ ఒకే వేళకు జరగాలి. రేపేం జరుగుతుందో ముందే తెలియడం అలాంటి పిల్లలకు సగం ధైర్యం. వరుసగా రాకపోతే పేరు కొట్టేసే ముందు ఎవరో ఒకరు ఇంటికెళ్లాలి. ఆ పిల్ల నమ్మిన మాస్టారికి బదిలీ అయితే, వెళ్లేలోపు కొత్త మాస్టారిని ఆమె దగ్గరికి స్వయంగా తీసుకెళ్లి పరిచయం చేయాలి.