పీడకలకు భయపడి మేలుకుంటున్నారా?

"పడుకుంటే ఆ కల వస్తుంది మేడమ్, అందుకే నాలుగింటి దాకా ఫోన్ చూస్తూ కూర్చుంటున్నా." మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉంటారు. ముందు దీని సంగతి చూద్దాం, మనిషిని ఎక్కువగా కుదేలు చేసేది ఇదే.

అపోహ: నిద్రపోకపోతే పీడకలల బాధ తప్పుతుంది.

వాస్తవం: ఆ ఒక్క రాత్రికి తప్పుతుందేమో. పీడకలలు ఎక్కువగా వచ్చేది రెమ్ నిద్రలో, అంటే మూసిన రెప్పల కింద కళ్లు గబగబా కదిలే దశలో. దాన్ని ఎగ్గొడుతూ పోతే మెదడు తర్వాత రాత్రుల్లో వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది. మందు కొట్టి పడుకునేవాళ్లదీ ఇదే గతి, రాత్రి మొదటి సగంలో అణిగిన రెమ్ తెల్లవారుజామున విరుచుకుపడుతుంది.

పగలు పడే దెబ్బ ఇంకా పెద్దది. 2007లో నిద్ర మీద పరిశోధన చేసే మాథ్యూ వాకర్ బృందం రాత్రంతా నిద్ర లేనివాళ్లకు మనసు కలచివేసే ఫొటోలు చూపిస్తే, వాళ్ల అమిగ్డలా (మెదడులో భయం, కలవరం లాంటివాటికి స్పందించే భాగం) నిద్రపోయినవాళ్లకంటే 60 శాతం ఎక్కువగా స్పందించింది, దాన్ని అదుపులో పెట్టాల్సిన ముందు మెదడుతో లంకె సడలింది. అదే ఏడాది నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక్క రాత్రి నిద్ర మాన్పిస్తే ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లలోనే డిసోసియేషన్ లక్షణాలు, అంటే తన ఒళ్లు, చుట్టూ ఉన్నవి తనవి కావన్నట్టు అనిపించడం, పెరిగాయని చూపించారు. డిసోసియేషన్‌కి పాత గాయాలూ కారణమే, కాదనను. కానీ నిద్ర పాడైతే అది ముదురుతుంది.

డిగ్రీ చదివే ఒకమ్మాయి, "రాస్తున్న చెయ్యి నాది కాదనిపిస్తోంది, నాకు పిచ్చెక్కుతోందా?" అని వణికిపోతూ అడిగింది. పిచ్చి కాదమ్మా. ముందు రోజూ ఒకే టైముకి లేవమన్నాను. తర్వాత పగటిపూట కలను కాగితం మీద రాయించి, నచ్చినట్టు మార్చమన్నాను. నీళ్లు నిండుతున్న గదిలోకి వాళ్ల మేనత్త టార్చిలైటు పట్టుకొచ్చి "ఇక్కడేం చేస్తున్నావే, పద" అని కసిరినట్టు రాసి తనే నవ్వేసింది. ఆ కొత్త కలను రోజూ కాసేపు మనసులో నడిపించుకోవాలి, అంతే, దీన్నే ఇమేజరీ రిహార్సల్ అంటారు. కల పూర్తిగా పోలేదు గానీ పడుకోవాలంటే భయం పోయింది, చెయ్యి గోలా తగ్గింది. పెద్ద గాయం ఉన్నవాళ్లు మాత్రం దీన్ని ఒంటరిగా మొదలుపెట్టకండి, పక్కన థెరపిస్టు ఉండాలి.

ఇక మిగతా అపోహలు గబగబా.

గాలి సోకింది, తాయెత్తు కట్టించాలి: మా అమ్మమ్మ కూడా తలగడ కింద అట్లకాడ పెట్టేది, దానివల్ల నష్టమేం లేదు, పెట్టుకోండి. తాయెత్తు కోసం ఊళ్లు తిరుగుతూ నెలలు పోగొట్టుకోవడమే నష్టం.

దయ్యం గుండెల మీద కూర్చుంది: నిద్ర పక్షవాతం. మెలకువ వచ్చింది, ఒళ్లు కదలనివ్వని రెమ్ ఇంకా వదల్లేదు. కాసేపట్లో దానంతటదే పోతుంది.

తెల్లవారుజాము కల నిజమవుతుంది: రెమ్ ఆ వేళకి ఎక్కువ, అందుకే ఆ కలలు గుర్తుంటాయి. అంతకుమించి ఏం లేదు.

డిసోసియేషన్ అంటే సినిమాల్లో చూపించినట్టు ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు: ఆ సినిమా కథలు వదిలేయండి బాబూ.

బతకాలని లేదనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మా దగ్గరికి వచ్చేటప్పుడు వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ తెచ్చుకోండి, కొన్ని బీపీ మాత్రలు, కొన్ని డిప్రెషన్ మాత్రలు కూడా పీడకలలు తెప్పిస్తాయి. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి.