గొట్టం రీడింగు సరే, రక్తం ఎవరు తీశారు?

2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. బస్సు కింద చిక్కుకున్న బైకును నడిపిన యువకుడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. తాగి నడిపేవాళ్లు ఉగ్రవాదులేనని హైదరాబాద్ పోలీసు కమిషనర్ సజ్జనార్ అన్నారు. అంతమంది ప్రాణాలు పోయాక ఆ కోపం రావడం న్యాయమే. అయితే అదే ఏడాది తెలంగాణ హైకోర్టు ఇంకో సంగతి చెప్పింది. గొట్టంలో ఊదిస్తే మద్యం ఎంతుందో చూపే మిషన్, అంటే బ్రీత్ ఎనలైజర్ రీడింగు ఒక్కదాన్నే పట్టుకుని ఆర్టీసీ డ్రైవర్‌ను ఉద్యోగంలోంచి తీసేయడం చెల్లదంది. రక్తమో మూత్రమో ఎందుకు పరీక్షించలేదని అడిగింది. డ్యూటీకి ముందు ఊదించి, రీడింగు వస్తే డ్రైవర్లను తీసేయడంపై డిపోల్లో నడుస్తున్న గొడవంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

హైకోర్టు ఆధారం చేసుకున్నది 1971 నాటి సుప్రీంకోర్టు తీర్పు, బచూభాయ్ హసనల్లీ కర్యానీ కేసు. మహారాష్ట్రలో జరిగిన రోడ్డు ప్రమాదం అది. డ్రైవర్ నోటి నుంచి మద్యం వాసన వచ్చింది, నడక తూలింది, మాట తడబడింది, కనుపాపలు పెద్దవయ్యాయి. ఇన్ని ఉన్నా, రక్తం గానీ మూత్రం గానీ పరీక్షించలేదు కాబట్టి తాగిన మత్తులో ఉన్నాడని తేల్చలేమంది కోర్టు. అప్పట్లో సాక్ష్యమంటే ల్యాబే.

ఆ లెక్క మారింది 1994లో. నా ఉద్దేశంలో ఇవాళ్టి తగువుకు మూలం అక్కడే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ మొదట్లో రక్తంలో మద్యం ఎంత కొంచెం ఉన్నా నేరమే అంది. 1994 సవరణ దానికో హద్దు పెట్టింది: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. అదే వాక్యంలో, ఆ కొలత బ్రీత్ ఎనలైజర్‌తో తేలాలని కూడా రాశారు. అంతవరకు ల్యాబుకు పంపాలా వద్దా అని చెప్పడానికి పనికొచ్చిన మిషన్, ఆ ఒక్క వాక్యంతో తానే తీర్పరి అయింది. 2019 సవరణలో ‘ల్యాబ్ పరీక్షతో సహా మరే పరీక్షలోనైనా’ అన్న మాటలు చేర్చారు. అప్పటికి పాతికేళ్లు గడిచాయి. ఊదించడమే పరీక్ష అన్న అలవాటు పోలీసుల్లోనూ ఆఫీసర్లలోనూ పాతుకుపోయింది. ఆ ఏడాది జనం నోళ్లలో నలిగింది మాత్రం 2 వేల నుంచి 10 వేలకు పెరిగిన జరిమానా.

మిషన్ రక్తాన్ని చూడదు. ఊపిరిలో ఉన్న మద్యాన్ని కొలిచి, 2,100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఉన్నంత మద్యం ఒక మిల్లీలీటరు రక్తంలో ఉంటుందన్న లెక్కతో అంకె చూపిస్తుంది. ఆ లెక్క సగటు మనిషిది. పైగా నోట్లో మిగిలిన మద్యానికీ ఊపిరితిత్తుల్లోంచి వచ్చినదానికీ తేడా పట్టడం దానికి కష్టం. దగ్గు మందు, హోమియో చుక్కలు, మౌత్‌వాష్ వాడిన వెంటనే ఊదితే రీడింగు రావచ్చు. 2025లో కేరళలోని పందళం ఆర్టీసీ డిపోలో పనస తొనలు తిన్న డ్రైవర్లకు రీడింగు వచ్చింది. అంతకుముందు సున్నా వచ్చిన మనిషికి తొనలు తినిపించి ఊదిస్తే అతనికీ వచ్చింది. పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తే నోట్లోది చాలావరకు పోతుంది. ఎవరినైనా ఊదించే ముందు ఖాళీ గాలికి మిషన్ సున్నా చూపించాలని కేరళ హైకోర్టు కూడా అదే ఏడాది చెప్పింది.

యాజమాన్యాల మాటలోనూ నిజం ఉంది. యాభై మంది ప్రయాణికులను ఒకరి చేతిలో పెట్టి పంపేటప్పుడు డ్యూటీకి ముందే తనిఖీ చేయక తప్పదు. తెల్లవారుజామున బస్సులు బయల్దేరే వేళ ప్రతి ఒక్కరి రక్తం తీయడం కుదిరే పని కాదు. రీడింగు వచ్చిన మనిషిని ఆ పూట బండెక్కించకపోతే తప్పు పట్టేవాళ్లు ఎవరూ లేరు.

డ్రైవర్లు అడిగేది ఆ తర్వాతి సంగతి. రోడ్డు మీద పోలీసులు అరెస్టు చేస్తే, చట్టంలోని 202వ సెక్షన్ ప్రకారం రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరగాలి, లేకపోతే వదిలేయాలి. రక్తాన్ని ప్రభుత్వ గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపే దారి 204వ సెక్షన్‌లో ఉంది. డిపోలో అరెస్టు ఉండదు. కాబట్టి ఆ రెండు గంటల లెక్క అసలు మొదలే కాదు. నాకు రక్తం తీయించండి అని డ్రైవర్ అడిగినా, తీయించి తీరాలన్న నిబంధన ఆ సెక్షన్లలో కనిపించదు. రోడ్డు మీద తాగి పట్టుబడ్డవాడికి ఉన్న రక్షణ, ముట్టనే లేదని మొత్తుకునే ఉద్యోగికి లేదన్నమాట. పోయేది మాత్రం ఉద్యోగం.

ఆలస్యమైతే ఆ పరీక్షకు విలువే ఉండదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఉన్న మద్యం గంటకు సుమారు 15 నుంచి 20 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిపోతుంది. 60 ఉన్న మనిషి మూడు గంటల తర్వాత రక్తమిస్తే 30 లోపే వస్తుంది. నిజంగా తాగినవాడు అలా బయటపడతాడు. తాగనివాడు మర్నాడు సొంత డబ్బుతో పరీక్ష చేయించుకుని సున్నా చూపిస్తే నమ్మేవాళ్లు ఉండరు, తాగినవాడికీ అప్పటికి సున్నాయే కదా అంటారు.

ల్యాబుకూ కాపలా కావాలి. 2024లో పుణెలో పోర్షె కారు ఢీకొని ఇద్దరు ఇంజినీర్లు చనిపోయిన కేసులో రక్త నమూనాలు మార్చారన్న ఆరోపణపై ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులే అరెస్టయ్యారు. ఆ అనుమానాన్ని పరీక్షించడానికి డీఎన్‌ఏ ఉపయోగపడింది. రక్తం సీసా ఉంది కాబట్టే ఆ పరీక్ష కుదిరింది. ఊదిన గాలిని ఎవరూ దాచలేదు, దాన్ని రెండోసారి పరీక్షించలేం.

ఆర్టీసీ యాజమాన్యాలు కొత్తగా ఆదేశాలు రాస్తే ముందుగా ఉండాల్సినవి ఇవి. రీడింగు రాగానే పావుగంట ఆపి, మిషన్ సున్నా చూపించాక మళ్లీ ఊదించాలి. అప్పటికీ రీడింగు వచ్చి డ్రైవర్ కాదంటే, గంటలోపు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. స్పిరిట్ లేని దూదితో చర్మం తుడిచి, రక్తం పాడవకుండా చూసే సోడియం ఫ్లోరైడ్ ఉన్న సీసాలో రక్తం తీయించి, సీలు వేసి అతని సంతకం తీసుకోవాలి. ఖర్చు సంస్థదే. రిపోర్టు వచ్చేదాకా ఆ మనిషిని బండెక్కించనక్కర్లేదు, ఉద్యోగంలోంచి తీసేయనూ కూడదు.