టై గురించి కాదు, చెప్పుల గురించి అడగండి: ఇంటికెళ్లి కంప్యూటర్లు బాగుచేసేవాళ్ల బట్టలపై అపోహలు - వాస్తవాలు

"అన్నా, రేపు కస్టమర్ ఇంటికి టై కట్టుకుని వెళ్లాలా?"

కొత్తగా ఫీల్డ్‌లోకి వచ్చే దాదాపు ప్రతి కుర్రాడూ మొదటి విజిట్‌కి ముందు నన్ను అడిగేది ఇదే. అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సు పూర్తి చేసి ఉంటాడు. ఉన్నవాటిలో మంచి చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకుంటాడు. మొహం నిండా టెన్షన్. పదహారేళ్లుగా సికింద్రాబాద్ చుట్టుపక్కల ఇళ్లకూ ఆఫీసులకూ తిరుగుతున్నవాణ్ని కాబట్టి దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేస్తాను. వద్దు తమ్ముడూ, తెరిచిన కంప్యూటర్ డబ్బా (క్యాబినెట్) మీదకి వంగితే టై వెళ్లి ఫ్యాన్‌లో పడుతుంది.

కాళ్లకి ఏముంది, చేతికి ఏముంది, చొక్కా ఏ బట్టతో కుట్టింది అని మాత్రం ఎవరూ అడగరు. మన జేబుకి చిల్లు పడేది అక్కడే.

అపోహ: రబ్బరు చెప్పులుంటే స్టాటిక్ రాదు

స్టాటిక్ అంటే రాపిడికి పుట్టి ఒంటి మీద నిలిచిపోయే కరెంటు. దాని గురించి నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. ఎక్కువ డబ్బులు పోగొట్టిన మాట కూడా ఇదే. కరెంటు పనిచేసేవాళ్లు రబ్బరు చెప్పులు వేసుకుంటారు కదా, స్టాటిక్ కూడా కరెంటే కదా, కాబట్టి చెప్పులుంటే కంప్యూటర్ లోపలి బోర్డు భద్రం అని లెక్క. చాలా ఏళ్లు పని చేసినవాళ్లు కూడా ఇదే చెప్తారు. వినడానికి బాగుంటుంది, కానీ పూర్తిగా తప్పు.

ఇంటి కరెంటు బయటి నుంచి వచ్చి మన ఒంట్లోంచి నేలలోకి పోవాలని చూస్తుంది. రబ్బరు ఆ దారి మూసేస్తుంది, అందుకే అక్కడ చెప్పులు మంచివి. స్టాటిక్ అలా కాదు, అది మన ఒంటి మీదే పుడుతుంది. పాలిస్టర్ టీషర్టు సోఫాకి రాసుకుంటే పుడుతుంది, స్వెటర్ విప్పితే పుడుతుంది, కార్పెట్ మీద నాలుగడుగులు వేస్తే పుడుతుంది. పుట్టింది నేలలోకి జారిపోవాలి. రబ్బరు చెప్పులు ఆ దారిని కూడా మూసేస్తాయి. ఇక అది పోవడానికి మిగిలేది మన వేలికొసన ఉన్న ర్యామ్ చిప్పే.

"నాకు ఎప్పుడూ చురుక్కుమనలేదన్నా" అంటారు. చురుక్కుమనాలంటే దాదాపు 3,000 వోల్టులు ఉండాలి. కొన్ని చిప్పులు దెబ్బతినడానికి 100 వోల్టులు కూడా అక్కర్లేదు. అంటే మనకి తెలియకుండానే పని అయిపోతుంది. ఆ దెబ్బకి చిప్పు అప్పుడే చావాలని కూడా లేదు. సగం దెబ్బతిని నెలకో రెండు నెలలకో పోతుంది. అప్పుడు కస్టమర్ ఏమంటాడు? "మీరొచ్చి ముట్టుకున్న దగ్గర్నుంచే మొదలైంది" అంటాడు. ఆయన్ని తప్పుపట్టలేం.

నాకూ జరిగింది. ఒక జనవరిలో, సంక్రాంతికి ముందు, ఒక అకౌంటెంట్ గారి ఆఫీసుకి ర్యామ్ పెంచడానికి వెళ్లాను. అప్పుడు పనిచేస్తున్న సంస్థ ఇచ్చిన పాలిస్టర్ టీషర్టు, దాని మీద స్వెటర్, కాళ్లకి రబ్బరు చెప్పులు. ఏసీ గది, కింద కార్పెట్. గదిలోకి వెళ్లగానే స్వెటర్ విప్పి పక్కన పెట్టి, ర్యామ్ చేత్తో పట్టుకుని స్లాట్‌లో పెట్టాను. డిస్‌ప్లే రాలేదు. కొత్త ర్యామ్ తీసి పాతది పెట్టినా రాలేదు. అంటే బోర్డే పోయింది. పన్ను రిటర్న్ వేయడానికి ఆయనకి ఇంకా మూడు రోజులే గడువు. ఆయన అరవలేదు, తల పట్టుకుని కూర్చున్నారు. ఆ మొహం నాకిప్పటికీ గుర్తుంది. హార్డ్‌డిస్క్ తీసి వేరే మెషీన్‌కి తగిలించి పని నడిపించాను, బోర్డు డబ్బులు మూడు నెలలు నా జీతంలోంచి కట్టాను. స్టాటిక్ వల్లే పోయిందని నిరూపించలేను. కానీ అది పోవడానికి కావలసినవన్నీ ఆ రోజు నేనే ఒంటి మీద మోసుకెళ్లాను.

హైదరాబాద్‌లో డిసెంబరు నుంచి గాలి పొడిబారుతుంది. స్వెటర్ తీస్తుంటే చిటపటమంటే ఆ రోజు రెండింతలు జాగ్రత్తగా ఉండాలి. విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల గాలిలో తడి ఎక్కువ కాబట్టి ఈ బాధ తక్కువ. అయితే అక్కడైనా రోజంతా ఏసీ నడిచే గది లోపల గాలి పొడిగానే ఉంటుంది.

ఏం చేయాలి? కాటన్ చొక్కా, కాటన్ ప్యాంటు. క్యాబినెట్ తెరిచాక స్వెటర్, జాకెట్ విప్పడం కానీ వేసుకోవడం కానీ చేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం మణికట్టుకి యాంటీ స్టాటిక్ స్ట్రాప్, అంటే ఒంటి మీది స్టాటిక్‌ని వైరు గుండా బయటికి పంపే పట్టీ. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో అడిగితే దొరుకుతుంది, ఒక్క ర్యామ్ ధర ముందు దాని ఖరీదు లెక్కలోకి రాదు. వైరు లేని స్ట్రాప్ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, కొనకండి. స్టాటిక్ పోవడానికి దారే లేనప్పుడు అది చేతికి గాజుతో సమానం.

స్ట్రాప్ కడితే కరెంటు కొడుతుందేమో అని భయపడేవాళ్లూ ఉన్నారు. భయం సహజమే, అందుకే దాని లోపల కరెంటుని అడ్డుకునే 1 మెగా ఓమ్ రెసిస్టర్ పెడతారు. పొరపాటున 230 వోల్టులు తగిలినా దానిలోంచి పారేది 0.23 మిల్లీ ఆంపియర్లే. మామూలుగా మనిషికి తెలియడానికే 1 మిల్లీ ఆంపియర్ దాకా కావాలి. ప్రాణం మీదకి వచ్చేది ఎక్కడంటే, స్ట్రాప్ ఎందుకు దండగ అని రాగి తీగ చేతికి చుట్టుకుని రెండో కొస నీళ్ల పైపుకో కిటికీ ఊచకో కట్టేవాళ్ల దగ్గర. ఒక వీడియోలో చూశాడట, మా కుర్రాడే ఒకడు చేశాడు. నేను చూసి విప్పించాను. రెసిస్టర్ లేని తీగ కట్టుకుని ఫేజు తగిలితే చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి కూడా ఉండదు. వారానికోసారి మల్టీమీటర్‌తో స్ట్రాప్ చూసుకోండి. సుమారు 1 మెగా ఓమ్ చూపించాలి. సున్నా చూపించినా, అసలేమీ చూపించకపోయినా పారేయండి.

స్ట్రాప్ వైరు కొసనున్న క్లిప్పు క్యాబినెట్‌లో రంగు లేని లోహానికి పెట్టాలి. కంప్యూటర్ ప్లగ్ మాత్రం పూర్తిగా పీకేయాలి. ఎర్తింగ్ కోసం ప్లగ్ ఉంచి స్విచ్ ఆపితే చాలని కొన్ని పాఠాల్లో చెప్తారు. మన ఇళ్లలో సాకెట్‌కి ఎర్తింగ్ ఉందో లేదో ఎవరికి తెలుసు? ఫేజు, న్యూట్రల్ తారుమారు చేసి బిగించినవి నేనెన్నో చూశాను, అక్కడ స్విచ్ ఆపినా ఫేజు లోపలే ఉంటుంది. ఎర్తింగ్ లేని ఇంట్లో సిస్టమ్ నడుస్తుండగా క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది. పెద్దవాళ్లు భయపడి మనకి ఫోన్ చేసేది చాలావరకు దీనికే. ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల వచ్చే లీకేజీ అది. ఆ ఇంటికి కావలసింది ఎలక్ట్రీషియన్, కొత్త సిస్టమ్ కాదు. ఆ మాట కస్టమర్‌కి నెమ్మదిగా అర్థమయ్యేలా చెప్పండి.

అపోహ: 12 వోల్టులే కదా, ఉంగరం ఉంటే ఏమవుతుంది

నాతో పనిచేసిన ఒకాయన యూపీఎస్ బ్యాటరీ మారుస్తుంటే పంచలోహ ఉంగరం ఒక టెర్మినల్‌కి, చేతిలో స్పానర్ రెండో దానికి తగిలాయి. ఉంగరం ఎర్రగా కాలిపోయింది. వేలికి అంటుకున్న దాన్ని ఆసుపత్రిలో కోసి తీశారు. 12 వోల్టులు షాక్ కొట్టవు, నిజమే. కానీ షార్ట్ అయినప్పుడు చిన్న బ్యాటరీ కూడా బోలెడన్ని ఆంపియర్లు తోసేస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీ అయితే చెప్పక్కర్లేదు. ఉంగరం, కడియం, స్టీలు పట్టీ వాచీ, మెడలో గొలుసు అన్నీ ముందే తీసి ఒక చిన్న డబ్బాలో వేసుకోండి. జాతకం కోసం పెట్టుకున్నది తీయకూడదని ఇంట్లో అంటారు, నాకు తెలుసు. పని జరిగే ఆ గంటసేపు తీస్తే చాలు. అస్సలు వీల్లేదంటే గట్టిగా టేపు చుట్టండి.

ప్లగ్ పీకిన ఎస్ఎంపీఎస్‌లో కూడా కాసేపు 300 వోల్టుల పైనే నిలిచి ఉంటుంది. దాన్ని తెరిచే పని ఉంటే ఉంగరంతో పాటు స్ట్రాప్ కూడా తీసేయండి. స్ట్రాప్ బోర్డుల పనికే.

అపోహ: అయ్యప్ప మాలలో ఉంటే విజిట్లు మానేయాలి

కార్తీకం వచ్చిందంటే ఈ ప్రశ్న తప్పదు. నల్లబట్టలు చూసి కస్టమర్లు ఏమనుకుంటారో అని మొహమాటం. పదహారేళ్లలో నాకు ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు, చాలామంది "స్వామీ" అని కుర్చీ వేశారు. చూసుకోవలసింది వేరే ఉంది. వట్టి కాళ్లు గచ్చు మీద స్టాటిక్‌కి మంచివే, కరెంటుకి మాత్రం చెడ్డవి, తడి నేల అయితే మరీ. కాబట్టి కరెంటు ఉండగా లోపల చెయ్యి పెట్టకండి. నిలబడడానికి బ్యాగులో ఒక రబ్బరు షీటు ఉంచుకోండి. మాలకి లోహపు డాలర్ ఉంటే చొక్కా లోపలికి వేసి గుండీ పెట్టండి. వంగినప్పుడు అది బోర్డుకి తగులుతుంది.

ఇక మిగిలినవి. కంపెనీ లోగో టీషర్టు ఉంటే నమ్మకం అంటారు. ఆ టీషర్టు ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. పిల్లలు అమెరికాలో ఉండి ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లు తలుపు తీయడానికి జంకుతారు. బయల్దేరే ముందే ఫోన్ చేసి పేరు, వచ్చే టైమ్ చెప్పండి. ఏ బ్రాండుకీ పనిచేయకుండా దాని లోగో వేసుకోవడం మోసమే, చేయకండి. లేజర్ ప్రింటర్ పని ఉన్న రోజు తెల్లచొక్కా వద్దు. టోనర్ పడితే దులిపి చన్నీళ్లతోనే ఉతకాలి. అది ప్లాస్టిక్ పొడి, వేడినీళ్లు పోస్తే కరిగి బట్టకి పట్టేస్తుంది. ఈ పనిలోకి వచ్చే అమ్మాయిలు చీరలోనైనా చుడీదార్‌లోనైనా రావచ్చు. చున్నీ, కొంగు పిన్ను పెట్టుకుంటే, జడ ముడి వేసుకుంటే, లోహపు గాజులు తీస్తే చాలు. జీన్స్ మర్యాద కాదని ఇంకా అనేవాళ్లున్నారు. శుభ్రంగా ఉంటే ఎవరూ పట్టించుకోరు.

బూట్లు పాలిష్ చేయించుకోవడానికి డబ్బులు పెట్టకండి, అవి గుమ్మం బయటే ఉండిపోతాయి. మన ఇళ్లలో లోపలికి వెళ్లేది సాక్సులే. ఎండలో మూడిళ్లు తిరిగి నాలుగో ఇంట్లో దేవుడి గది పక్కనున్న కంప్యూటర్ ముందు కూర్చోవాలి. అందుకే బ్యాగులో ఉతికిన జత ఇంకొకటి ఉండాలి, అది కూడా కాటన్‌దే.