రాశి పైన తీసిన గుప్పెడు

సార్వా కోతలప్పుడు మా ఊరి రోడ్డు సగం ధాన్యమే. ఆరబెట్టిన రాశి పైనుంచి గుప్పెడు తీసి మిషన్‌లో పోస్తే తేమ 16 చూపిస్తుంది. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి తీస్తే 19. ప్రభుత్వ కొనుగోలుకి 17 శాతం దాటకూడదు. అందుకే కొనడానికి వచ్చిన మనిషి పైగింజను నమ్మడు. నాలుగు వైపులా తీసి, కలిపి, అప్పుడు చూస్తాడు.

ఎన్నికల సర్వేలో సగం సైన్సు ఈ కలపడంలోనే ఉంది. కలపకుండా ఎంత తీసినా దండగే. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక ఓటెవరికని అడుగుతూ కోటి మందికి కార్డులు పంపింది. దాదాపు 24 లక్షలు తిరిగొచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని రాశారు. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌వే. అడ్రసుల్లో చాలావరకు టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్టర్ల నుంచి తీసుకున్నవి. ఆ కరువు రోజుల్లో ఫోనూ కారూ ఎవరికుంటాయి? పైగా ఓపిగ్గా జవాబు రాసింది నలుగురిలో ఒక్కరే. అదే ఏడాది జార్జ్ గాలప్ అనే సర్వేల మనిషి ఏభై వేల మందితోనే గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు.

మన దగ్గరా అంతే. రావులపాలెం సెంటర్‌లో టీ కొట్టు దగ్గర నిలబడితే వంద జవాబులు గంటలో దొరుకుతాయి, అన్నీ తీరికున్న మగాళ్లవి. ఊడ్పులకెళ్లిన ఆడకూలీలు, పడవెక్కితే గానీ చేరలేని లంకల వాళ్లు అందులో ఉండరు. పద్ధతిగా చేసేవాళ్లు ఓటర్ల జాబితాలోంచి పేర్లు తీసి ఇంటికే వెళ్తారు. ఆ పేరు మనిషి కువైట్‌లో ఉంటే, అరుగు మీదున్న తమ్ముణ్ణి అడిగి సరిపెట్టుకోకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు.

బాగా కలిపితే మాత్రం రాశి పది బస్తాలదైనా వెయ్యి బస్తాలదైనా గుప్పెడు చాలు. వెయ్యి మందిని అడిగితే రాష్ట్రం మొత్తానికి ఓట్ల శాతం మూడు అటూ ఇటూగా తెలుస్తుంది. కానీ ఆ వెయ్యి మందినే 175 నియోజకవర్గాలకు పంచితే ఒక్కోచోట ఆరుగురు కూడా రారు. మరి వాట్సాప్‌లో తిరిగే "రాజోలు ఫలానా పార్టీకి, మండపేట ఫలానా పార్టీకి" అనే లిస్టులు ఎక్కణ్ణుంచి వస్తాయో! వాటిని చూసి పందేలు కాసేవాళ్లను తలచుకుంటే నాకు టెన్షన్.

ఓట్లు సరిగ్గా తెలిసినా సీట్లు తెలియవు. 2019లో 39 శాతం పైచిలుకు ఓట్లతో తెలుగుదేశానికి 23 సీట్లొచ్చాయి. 2024లో అదే 39 పైచిలుకుతో వైఎస్సార్‌సీపీకి 11 వచ్చాయి. అవతలివాళ్లు విడివిడిగా ఉన్నారా, కలిసొచ్చారా అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది.

ఇంతా చేసి, అడిగినప్పుడు జనం నిజం చెప్పాలి కదా. మా గోదావరి వాళ్ల మర్యాద సర్వేలకు పెద్ద గండం. ఏ పార్టీ వాడొచ్చి గుమ్మంలో నిలబడినా "ఆయ్, మీకేనండి" అంటాం. అది అబద్ధమని మేమనుకోం. ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ వాళ్ల లోక్‌నీతి సర్వేల్లో దీనికో ఉపాయం ఉంది. ఓటెవరికని నోటితో అడగరు. గుర్తులున్న ఉత్తుత్తి బ్యాలెట్ కాగితం చేతికిచ్చి, మడిచి డబ్బాలో వెయ్యమంటారు.

మా పిన్ని ఇంటికొచ్చిన అబ్బాయి దగ్గర డబ్బా లేదు, ట్యాబ్ ఒకటి ఉంది.

"ఈసారి ఎవరికండీ?"

పిన్ని ఓసారి బాబాయి వైపు చూసింది. "ఆయనెవరికంటే వాళ్లకేనండి."

అబ్బాయి ట్యాబ్ మీద నొక్కుకుని వెళ్లిపోయాడు. బాబాయి దొడ్లోకెళ్లాక, "నిజం చెప్పు పిన్నీ, ఎవరికి?" అన్నాను.

"నీకెందుకురా? కాఫీ తాగుతావా?" అంది.