లోడై టేస్టింగ్ రూమ్: కౌంటరు ఇవతలి నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

కాలిఫోర్నియాలో శాక్రమెంటోకు దక్షిణంగా సుమారు 35 మైళ్ళ దూరంలో ఉన్న లోడై పట్టణం నడిబొడ్డున, ఒక చిన్న కుటుంబ వైనరీ (వైన్ తయారుచేసే సంస్థ) నడిపే టేస్టింగ్ రూమ్‌లో, అంటే వైన్ రుచి చూపించే గదిలో, నేను కొన్నేళ్ళుగా పనిచేస్తున్నాను. యజమాని, ఆయన భార్య, వారి కొడుకు, నేను, ఇంతే మా సిబ్బంది. శని, ఆదివారాల్లో ఫ్రీమాంట్ నుంచో ఫోల్సమ్ నుంచో వచ్చే తెలుగు కుటుంబాలు నేను తెలుగులో పలకరించగానే ఊపిరి పీల్చుకుని, యజమానిని అడగడానికి మొహమాటపడిన ప్రశ్నలన్నీ నా ముందు పెడతారు. అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నందున వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: టేస్టింగ్ రూమ్ అంటే కొంచెం ఖరీదైన బార్.

వాస్తవం: మన ఊళ్ళలో ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన దుకాణంలో విస్కీ, బ్రాందీ, బీరు అన్నీ దొరుకుతాయి గానీ వైన్ కావాలంటే మాత్రం వెతకవలసి వస్తుంది కాబట్టి, ఈ పొరపాటు సహజమే. మా దగ్గర మా వైన్ తప్ప మరొకటి పోయము. ఒక్కో గ్లాసులో పోసేది 30 నుంచి 60 మిల్లీలీటర్లు మాత్రమే; అలా ఐదు రకాలు వరుసగా పోసి, ప్రతి దాని గురించి నాలుగు మాటలు చెబుతాము. గ్లాసులో మిగిలింది పారబోయడానికి, నోట్లోది ఉమ్మడానికి కౌంటరు మీద ఒక పాత్ర ఉంటుంది. దాన్ని వాడితే యజమాని నొచ్చుకుంటాడని చాలామంది అనుకుంటారు, కాని వైన్ తయారుచేసేవాళ్ళే రోజూ రుచి చూసి ఉమ్ముతారు. దంపతులు ఒకే టేస్టింగ్‌ను పంచుకోవచ్చు. ఎంగిలి పట్టింపు ఉంటే రెండో గ్లాసు అడగండి, ఇస్తాము.

అపోహ: ఊరి మధ్యలో దుకాణం పెట్టుకున్నారంటే వీళ్ళకు అసలు తోట లేదు, ఎక్కడో కొని అమ్ముతున్నారు.

వాస్తవం: వైనరీ ఒకచోట, రుచి చూపించే గది మరోచోట ఉండడానికి కాలిఫోర్నియా చట్టం అనుమతిస్తుంది. తోట దగ్గర మరుగుదొడ్లు, పార్కింగు, అగ్నిమాపక ఏర్పాట్లు అన్నీ కట్టడం చిన్న కుటుంబానికి తలకు మించిన ఖర్చు. పట్టణంలో ఒక గది అద్దెకు తీసుకుంటే నడిచి వెళ్ళేవాళ్ళు కూడా లోపలికి వస్తారు. ఎవరు తయారుచేశారన్న అనుమానం మాత్రం న్యాయమైనదే. దానికి జవాబు సీసా వెనుక చిన్న అక్షరాల్లో ఉంటుంది. ‘ప్రొడ్యూస్డ్ అండ్ బాటిల్డ్ బై’ అని ఉంటే కనీసం 75 శాతం వైన్‌ను ఆ వైనరీయే పులియబెట్టి ఉండాలి. ‘సెల్లార్డ్’, ‘వింటెడ్’ అన్న మాటలకు అటువంటి నిబంధన లేదు, వేరేవారు చేసిన వైన్‌కైనా అవి రాయవచ్చు. లోడై అని ప్రాంతం పేరు వేస్తే 85 శాతం ద్రాక్ష ఇక్కడిదే కావాలి, ద్రాక్ష రకం పేరు వేస్తే ఆ రకం కనీసం 75 శాతం ఉండాలి.

అపోహ: లేబుల్ మీద ‘ఓల్డ్ వైన్’ అని ఉంటే అది ఏళ్ళ తరబడి నిలవ ఉంచిన వైన్.

వాస్తవం: మద్యానికీ ద్రాక్షతీగకూ ఇంగ్లీషులో ఉన్న మాటలను తెలుగు లిపిలో రాస్తే రెండూ ‘వైన్’ అనే అవుతాయి, మన నాలుక మీద కూడా వాటికి పెద్ద తేడా లేదు. లేబుల్ మీద ఉన్నది తీగ, అంటే ముసలి తీగల పండ్లతో చేసిన వైన్ అని అర్థం. సీసాలోది రెండేళ్ళ కిందటిదే కావచ్చు. ఎన్నేళ్ళు దాటితే ముసలి తీగ అనాలో చట్టం చెప్పలేదు, అందుచేత తీగల వయసెంతో అడిగి తెలుసుకోవడం మంచిది. లోడైలో ఆ ప్రశ్నకు తరచు గట్టి జవాబే దొరుకుతుంది. ఇక్కడి బెక్‌తోల్డ్ తోటలో సిన్సో అనే ఎర్ర వైన్ ద్రాక్ష తీగలను 1886లో నాటారు, అవి ఇప్పటికీ కాస్తున్నాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా తోటలను నాశనం చేసిన ఫైలోక్సెరా అనే వేరుపురుగు ఇసుక నేలలో వ్యాపించలేదు. మోకలమ్నీ నది పరిసరాల్లో ఇసుక పాలు ఎక్కువ కాబట్టి ఇక్కడ చాలా తీగలు అంటు కట్టకుండా సొంత వేళ్ళ మీదే నిలిచాయి.

అపోహ: తినే ద్రాక్షే పులియబెడితే వైన్ అవుతుంది.

వాస్తవం: అవుతుంది, కాని అది తాగాలనిపించేలా ఉండదు. ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల తోటలకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహిని గుర్తు తెచ్చుకోండి: పెద్ద పండు, పలచని రంగు, నిండా నీరు. ఎర్ర వైన్ చేసే జిన్‌ఫండెల్ అనే ద్రాక్ష పండు దానిలో సగం కూడా ఉండదు, గుజ్జుతో పోలిస్తే తొక్క పాలు ఎక్కువ. ఎర్ర వైన్‌కు రంగూ వగరూ ఆ తొక్క నుంచే వస్తాయి. నల్ల ద్రాక్షను పిండి తొక్కను వెంటనే తీసేస్తే రసం దాదాపు రంగు లేకుండా ఉంటుంది; తొక్కతో కొద్దిసేపే ఉంచుతారు కాబట్టి వైట్ జిన్‌ఫండెల్ లేత గులాబీ రంగులో కనిపిస్తుంది. కోత నాటికి రసంలో నూటికి 24 పాళ్ళు చక్కెర ఉంటే ఆల్కహాలు సుమారు 14 శాతానికి చేరుతుంది. ఆ మాటకొస్తే లోడైకి మొదట పేరు తెచ్చిందీ తినే ద్రాక్షే. పైన్ స్ట్రీట్‌లో మీరు ఫోటోలు దిగే కమానును టోకే అనే ఎర్ర ద్రాక్ష పేరిట జరిగిన ఉత్సవం కోసం 1907లో కట్టారు.

అపోహ: చెర్రీ, మిరియాలు, వెన్న అని చెబుతారు కదా, అవన్నీ కలుపుతారు.

వాస్తవం: కలపరు. మిరియానికి ఆ ఘాటైన వాసన ఇచ్చే రోటండోన్ అనే పదార్థమే కొన్ని ద్రాక్షల తొక్కలోనూ ఉంటుంది. సిరా (Syrah) అనే ఎర్ర వైన్ ద్రాక్ష రకంలో దాన్ని ఆస్ట్రేలియా పరిశోధకులు గుర్తించి 2008లో ప్రకటించారు. వెన్న వాసన బ్యాక్టీరియా పులియబెట్టినప్పుడు పుట్టే డయాసిటైల్‌ది, వెనిల్లా వాసన ఓక్ పీపాది. ఒక శనివారం విజయవాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ, తాను తాగనని ముందే చెప్పి, కోడలి చేతిలోని సిరా గ్లాసును ఒక్కసారి వాసన చూసి, “ఇది మిరియాల చారు దించిన గిన్నెలా ఉందమ్మా” అన్నారు. అప్పటికి పావుగంట నుంచి మిగతావాళ్ళు మా కాగితం మీది వర్ణన చదువుతూ ‘ఏమీ తెలియడం లేదు’ అంటున్నారు. వంటింట్లో పనిచేసిన ముక్కుకు ఈ విద్య కొత్తగా నేర్పనక్కరలేదని నా అభిప్రాయం. కాకపోతే వచ్చే ముందు అత్తరు, సెంటు పూసుకోకండి. పక్కవాళ్ళ గ్లాసు కూడా పాడవుతుంది.

అపోహ: ద్రాక్షరసమే కాబట్టి వైన్ పూర్తిగా శాకాహారం.

వాస్తవం: ఇది నన్ను అతి తక్కువమంది అడిగే ప్రశ్న, అందరికంటే ఎక్కువగా మనవాళ్ళు అడగవలసిన ప్రశ్న. కొత్త వైన్ మసకగా ఉంటుంది, ఎర్ర వైన్ అయితే వగరు మోటుగా ఉంటుంది. దాన్ని తేర్చడానికి కొందరు కోడిగుడ్డు తెల్లసొన, కొందరు పాలలోని కేసిన్, కొందరు జంతువుల నుంచి తీసే జెలటిన్, కొందరు చేప గాలితిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ వేస్తారు. అవి మడ్డిని పట్టుకుని అడుక్కు చేరతాయి, పైన తేరిన వైన్‌ను వంపి సీసాలకు పడతారు. సీసాలో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు, కాని నియమం పాటించేవారికి ఆ సమాధానం చాలదు. బెంటొనైట్ అనే బంకమట్టితో తేర్చినవి, అసలు తేర్చకుండానే సీసాకు పట్టినవి కూడా ఉన్నాయి. అమెరికాలో ఈ వివరం లేబుల్ మీద రాయడం తప్పనిసరి కాదు. పెద్ద కంపెనీ సీసా గురించి దుకాణంలో అడిగితే చెప్పగలిగేవారు దొరకడం కష్టం. చిన్న వైనరీలో అయితే వైన్ చేసిన మనిషే ఎదురుగా ఉంటాడు. మా యజమాని కొడుకు ఈ ప్రశ్న వినగానే నోటుపుస్తకం తెచ్చి, ఏ పీపాలో ఏ తేదీన ఏమి వేశాడో చూపిస్తాడు.

అపోహ: తలనొప్పి సల్ఫైట్ల (వైన్ చెడకుండా కాపాడే గంధకపు పదార్థాల) వల్ల వస్తుంది, ఎర్ర వైన్‌లో అవి ఎక్కువ.

వాస్తవం: సాధారణంగా తెల్ల వైన్‌లోనే వాటి మోతాదు ఎక్కువ. పదిలక్షలకు 10 పాళ్ళు ఉన్నా ‘సల్ఫైట్లు ఉన్నాయి’ అన్న హెచ్చరిక లేబుల్ మీద వేయాలి కాబట్టి అది దాదాపు ప్రతి సీసా మీదా కనిపిస్తుంది. నారింజ రంగు నిలిచేలా ఆరబెట్టిన ఆప్రికాట్లలో అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. ఉబ్బసం ఉన్నవారు మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇదే వరుసలో ఇంకొక మాట: గుండెకు మంచిదని మా దగ్గర వైన్ కొనకండి. ఏ మోతాదులో తాగినా ఆల్కహాలు ఆరోగ్యానికి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. రుచి నచ్చితే కొనండి, లేకపోతే వద్దు.

అపోహ: మన కారానికి గట్టి ఎర్ర వైన్ అయితేనే తూగుతుంది.

వాస్తవం: ఆల్కహాలు కారం మంటను పెంచుతుంది, వగరు దానికి తోడవుతుంది. గోంగూర మటన్‌తో 15 శాతం జిన్‌ఫండెల్ తాగి నోరు కాల్చుకున్నవారిలో నేనూ ఒకరిని. కాస్త తీపి మిగిలిన, తక్కువ ఆల్కహాలు గల చల్లని రీస్లింగ్ అనే తెల్ల వైన్ దానికి నప్పుతుంది.

అపోహ: మిగిలిన సీసాకు మూత బిగిస్తే కారులో ఎక్కడ పెట్టుకున్నా పరవాలేదు.

వాస్తవం: ఒకసారి తెరిచిన సీసా, మళ్ళీ బిరడా బిగించినా, కాలిఫోర్నియాలో తెరిచిన సీసాగానే లెక్క. దాన్ని డిక్కీలో పెట్టాలి, ముందు సీటు సంచిలో కాదు. ఐదు రకాలూ ఉమ్మకుండా తాగితే, జిన్‌ఫండెల్ బలానికి, అది దాదాపు రెండు మామూలు మోతాదుల మద్యంతో సమానం. అందువల్ల నలుగురు వస్తే ఆ రోజు నడపబోయేది ఎవరో నేను ముందే అడుగుతాను, వారికి వాసన చూడడానికి గ్లాసు ఇచ్చి డబ్బు తీసుకోను.