ఆఫ్రికా మహాగనిని గుర్తుపట్టడం: అపోహలు - వాస్తవాలు

కలప బజారులో ఆఫ్రికా మహాగని అంటే ఖయా ప్రజాతి (దగ్గరి జాతులన్నీ కలిసిన వర్గం) చెట్లు. వాటిలో పశ్చిమాఫ్రికా నుంచి ఉగాండా, టాంజానియా మీదుగా మొజాంబిక్ దాకా పెరిగే ఖయా ఆంథోథెకా గురించే ఇక్కడ ఎక్కువగా చెబుతున్నాం. స్వాహిలీలో దీన్ని మ్కంగాజి అంటారు. వేప కుటుంబానిదే, మన అడవుల్లోని సోమిదకూ చుట్టమే. మంచి అడవిలో 60 మీటర్ల దాకా లేస్తుంది. కొమ్మలు అంత పైన ఉండటంతో కిందనుంచి చూసి ఊహించేవాళ్లే ఎక్కువ.

అపోహ: కోస్తే ఎర్రగా ఉందంటే మహాగనే.

ఫిలిప్పీన్ మహాగని పేరుతో వచ్చేది షోరియా, మన గుగ్గిలం చెట్టు వర్గం. సపెలి (ఎంటాండ్రోఫ్రాగ్మా సిలిండ్రికం) అయితే ఖయా ఉండే అడవుల్లోనే పెరుగుతుంది, కుటుంబమూ అదే, రంగూ దాదాపు అదే. పైగా ఖయా అప్పుడే కోసినప్పుడు లేత గులాబీ రంగులో ఉండి, గాలి తగిలాక ముదురుతుంది. కాబట్టి రంగును నమ్ముకోవద్దు. దుంగ అడ్డుకోత ముఖాన్ని పదునైన బ్లేడుతో నున్నగా చెక్కి, తడిపి, 10 రెట్ల భూతద్దంతో చూడండి. అమెరికా మహాగని (స్వీటీనియా)లో పెరుగుదల వలయాల అంచున సన్నని లేత గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఖయాలో సాధారణంగా ఉండదు. సపెలిని అప్పుడే కోస్తే దేవదారు వాసన వస్తుంది. అయితే ఈ పరీక్ష ప్రజాతి వరకే పనికొస్తుంది. ఖయాల్లో ఇది ఏ జాతి అని కలప ముక్క చూసి తేల్చేస్తామనే వాళ్లను కాస్త అనుమానించాల్సిందే.

అపోహ: ఆకు చూస్తే చాలు.

ఆకు చెప్పేది సగమే. ఇది సంయుక్త పత్రం, అంటే ఒకే ఈనెకు చిన్న ఆకులు (పత్రకాలు) వరసగా ఉంటాయి; అవి మామూలుగా 3 నుంచి 7 జతలు, చివర ఒంటి పత్రకం ఉండదు, అంచులకు వేపాకులో ఉన్నట్టు రంపపు పళ్లుండవు. ఎంటాండ్రోఫ్రాగ్మా (సపెలి ప్రజాతి) ఆకు కూడా చివర ఒంటి పత్రకం లేకుండానే ఉంటుంది, అదీ కొమ్మల చివర్లలోనే గుత్తిగా వస్తుంది. పత్రకాల జతలు దానికి ఎక్కువగా ఉంటాయి, కానీ రెండింటి లెక్కలూ ఒకదాని మీదికి ఒకటి వచ్చేస్తాయి. ఇంకో చిక్కు: లేత మొక్క ఆకు పెద్ద చెట్టు ఆకు కంటే చాలా పెద్దది. మొలకను చూసి రాసుకున్న కొలతతో పైకొమ్మ ఆకును పోలిస్తే తప్పు రావడం ఖాయం.

అపోహ: సతత హరితం కాబట్టి ఆకు రాలిందంటే ఇది కాదు.

వర్షం బాగా ఉన్నచోట ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. ఎండాకాలం గట్టిగా ఉండే చోట ఇదే జాతి ఆకు రాలుస్తుంది.

అపోహ: నిటారు మాను, మొదట్లో పలక వేళ్లు (మాను అడుగున పలకల్లా లేచే వేళ్లు) ఉంటే ఖయానే.

ఆ అడవుల్లో పెద్ద చెట్లు సగం అలాగే ఉంటాయి. ఎండకు విడిగా పెరిగిన ఖయా కిందనుంచే కొమ్మలేస్తుంది. హిప్సిపైలా పురుగు చివరి చిగురును తొలిస్తే మాను రెండుగా చీలుతుంది. ఆకారం కన్నా బెరడు నయం. ఆంథోథెకా బెరడు బూడిద-గోధుమ రంగులో నున్నగా ఉండి, చిన్న గుండ్రని పెచ్చులుగా ఊడుతుంది. ఊడినచోట పసుపు-గోధుమ మచ్చలు మిగులుతాయి. ఖయా ఐవొరెన్సిస్‌కు బెరడు మందం, గరుకు. అది ఎక్కువగా తడి అడవుల్లో ఉంటుంది. ఊళ్ల దగ్గర చెట్లకు మందు కోసం బెరడు ఒలిచేస్తారు, మానినచోట అసలు తీరు ఉండదు. ఒలవని వైపు చూడండి. లోపలి రంగు కోసం గోటి వెడల్పు గాటు చాలు: ఎరుపు, రుచి చేదు. చుట్టుకొలత తీసేటప్పుడు పలక వేళ్ల పైకి టేపు కట్టాలి. వాటి మీదే కొలిస్తే మాను లావు ఉన్నదానికన్నా చాలా ఎక్కువగా తేలుతుంది.

అపోహ: రెక్క గింజ దొరికితే పని అయిపోయినట్టే.

అన్నిటికన్నా గట్టి ఆధారం ఇదే, కానీ చూసే పద్ధతి ఉంది. ఖయా కాయ గుండ్రం, కర్రలా గట్టి, 4 నుంచి 10 సెంటీమీటర్లు. పైనుంచి నాలుగైదు చెక్కలుగా పగులుతుంది, చెక్కలు అడుగున అతుక్కునే ఉంటాయి. లోపల పలుచని గింజలు రూపాయి బిళ్లలు దొంతర పేర్చినట్టు ఉంటాయి, ప్రతి గింజకూ చుట్టూతా సన్నని రెక్క అంచు. స్వీటీనియా కాయ పొడుగు, అడుగునుంచి విచ్చుకుంటుంది, గింజకు ఒకవైపే పొడవాటి రెక్క. ఎంటాండ్రోఫ్రాగ్మా కాయ కూడా పొడుగే, రెక్కా ఒకవైపే. అంటే చుట్టూ రెక్కా, ఒకవైపు రెక్కా అన్నదే మొదట చూడాలి.

అయితే గింజ గాలికి పక్క చెట్టు నుంచీ వస్తుంది. కాయ బరువు కాబట్టి ఆ చెట్టు కిందే పడుతుంది. రెండూ దొరికితే కాయ మాటే వినండి. చెక్కలు నాలుగా ఐదా అని లెక్కపెట్టి జాతి తేల్చకండి, ఒకే చెట్టు కాయల్లో కూడా మారొచ్చు. పూలదీ అదే సంగతి: చిన్నవి, తెల్లనివి, రేకలు 4 లేదా 5.

అపోహ: మన దగ్గర మహాగని అని అమ్మే మొక్కలన్నీ ఇవే.

కావు. తెలుగు రాష్ట్రాల్లో ఆ పేరుతో అమ్మేది ఎక్కువగా స్వీటీనియా. ఆఫ్రికన్ మహాగని అని ఇచ్చేదీ తరచుగా ఖయా సెనెగలెన్సిస్ అవుతుంది. అది పొడి సవన్నా (అక్కడక్కడా చెట్లుండే గడ్డి మైదానం) నేలల చెట్టు, ఆంథోథెకా అంత ఎత్తు పెరగదు. మొక్క దశలో ఆకుతో తేల్చడం కష్టం, కాబట్టి గింజ ఎక్కడిదో అడిగి, వీలైతే తల్లి చెట్టు కాయ చూడండి.

ఆఫ్రికా నుంచి కలప తెప్పించేవాళ్లకు ఇంకో మాట. 2022 నవంబరులో పనామాలో జరిగిన సైటీస్ (అరుదవుతున్న జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) సమావేశంలో ఆఫ్రికాలోని ఖయా జాతులన్నిటినీ రెండో అనుబంధంలో, అంటే పర్మిట్‌తోనే వ్యాపారం చేయాల్సిన జాతుల జాబితాలో చేర్చారు. అక్కడినుంచి వచ్చే దుంగలు, కోత కలప, వెనీర్, ప్లైవుడ్‌కు ఎగుమతి పర్మిట్ కావాలి. పర్మిట్‌లో ఉండాల్సింది శాస్త్రీయ నామం. ఇన్వాయిస్‌లో ఉత్త "మహాగని" అని ఉంటే, సరుకు ఓడ ఎక్కకముందే సరిచేయించుకోవాలి.